బంతి రేకు మొలుస్తుంది, గులాబీ రేకు మొలవదెందుకు?

పక్క ఫ్లాట్ పాప ఆరో తరగతి. మొన్న బాల్కనీలోంచి అడిగింది: "అంకుల్, ఎండిన బంతి రేకులు చల్లితే మొక్కలొస్తాయి కదా, గులాబీ రేకులు చల్లితే ఎందుకు రావు?"

బంతిలో మనం రేకు అని పీకేది రేకు కాదు, ఒక పువ్వు. అడుగున గింజగా మారే అండాశయంతో సహా ఊడి వస్తుంది. గులాబీ రేకు ఉత్త రేకే, అండాశయం దానికి అంటి రాదు. బడిలో పువ్వు భాగాలంటే మందారమే కోయిస్తారు. ఇంటి గుమ్మానికి వేలాడే బంతి జోలికి ఎవరూ పోరు.

బ్లేడుతో ఒకదాన్ని తొడిమ దాకా నిలువుగా చీల్చాను. పచ్చని గిన్నెలో చీపురు పుల్లల్లా సన్నని కాడలు నిక్కి ఉన్నాయి. ఒకటి లాగితే కింద పుల్ల, దాని తలమీద తెల్లటి పొలుసులు, ఆపైన పసుపు రెక్క. పుల్ల అండాశయం, పొలుసులు రక్షకపత్రాలు (మామూలు పువ్వుకి అడుగున ఉండే పచ్చ రేకులు) మారిన రూపం. రెక్క మొదట్లో పాము నాలుకలా రెండుగా చీలిన కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన.

హైదరాబాద్‌లో ఉండి దీనికి బతుకమ్మ కాక వేరే పోలిక ఎందుకు? తాంబాలం స్థానంలో పుష్పాసనం, అంటే పూలన్నీ కూర్చునే పీఠం. మనం అంచు నుంచి వరుసలు పేర్చుకుంటూ పైకి పోతాం. బంతిలోనూ అంచు వరుసే ముందు విచ్చుకుంటుంది, నడిమివి ఆఖరు. సగం విచ్చిన పువ్వు మధ్యలో వేలు పెడితే గట్టిగా తగిలేవి ఇంకా తెరుచుకోని మొగ్గలు. తంగేడు, గునుగు వేరైనట్టు ఇక్కడా రెండు రకాలు. అంచున రెక్కలున్న చిట్టి పువ్వులు, కిరణ పుష్పకాలు, ఇవి ఆడవి మాత్రమే. నడుమ గొట్టాల్లాంటి బింబ పుష్పకాలు, వీటిలో ఆడా మగా రెండూ ఉంటాయి. వీటిలో అయిదు పరాగకోశాలు (పుప్పొడి సంచులు) అంటుకుని ఒక గొట్టమవుతాయి. పుప్పొడి దాని లోపలికే రాలుతుంది. కింది నుంచి కీలం (కీలాగ్రాన్ని మోసే కాడ) పెరుగుతూ సిరంజిలో పిస్టన్‌లా ఆ పొడిని బయటికి నెడుతుంది. అప్పటిదాకా కీలాగ్రం మూసుకునే ఉంటుంది, తర్వాత విడుతుంది. ఒక్క చోట పోలిక చెడింది: బతుకమ్మ నడుమ ఆకులు కూరతాం, బంతి నడుమ కూడా పూలే.

గుడిమల్కాపూర్ మార్కెట్‌లో గుట్టలు పోసే ముద్దబంతిలో గొట్టాలు చాలావరకు రెక్కలుగా మారిపోయాయి. తరతరాలుగా మనిషి అలాంటి మొక్కల్నే ఏరుకుంటూ వచ్చాడు. అందం పెరిగింది, పుప్పొడి తగ్గింది.

పోయిన దసరా తోరణం నలిపి కుండీలో చల్లితే నాకు రెండే మొలిచాయి. దండలకు పువ్వును తాజాగా, గింజ ముదరకముందే కోస్తారు మరి. విత్తనం కావాలంటే ఒక పువ్వును చెట్టుకే వదిలేయాలి. పచ్చగిన్నె గోధుమరంగుకి తిరిగి పుల్లలు నల్లబడ్డాక కోయాలి. అది హైబ్రిడ్ మొక్కైతే పిల్లలకు తల్లి పోలిక రాదు. జూలై మొదట్లో చల్లి, నెల తర్వాత నారు నాటి, మొక్క కుదురుకున్నాక తల తుంచితే పక్కకొమ్మలు వేసి పండక్కి అందుతుంది.

బంతి ఉన్న పెరట్లోకి పాము రాదంటారు. ఉత్త మాట! కానీ దీని వేళ్లలోని ఆల్ఫా-టెర్థియెనిల్ అనే రసాయనం మట్టిలోని నులిపురుగుల్ని చంపుతుంది. టమాటా మడిలో బంతి వేయడానికి అదీ ఒక కారణం. పువ్వులోని ల్యూటిన్ అనే పసుపు రంగు పదార్థాన్ని తీసి కోళ్ల దాణాలో కలుపుతారు, గుడ్డు సొన పచ్చగా ఉండటానికి. ఇంత మనదైపోయిన బంతి పుట్టిల్లు మెక్సికో.

ఎండిన పువ్వొకటి పాప చేతిలో పెట్టాను. పేపర్ పరిచి ఒక్కో పుల్లా లాగి లెక్కపెట్టింది. నూట పద్నాలుగు దగ్గర వాళ్లమ్మ అన్నానికి పిలిచింది. పేపర్ మడిచి, లోపల ఎన్ని మిగిలాయో చూడొద్దని నాకు చెప్పి మరీ వెళ్లింది.