పసిపిల్లల సరుకుల మీద జీఎస్టీ: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో మెడికల్ షాపులకి, పిల్లల సామాన్లు అమ్మే హోల్‌సేల్ వాళ్లకి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారిన దగ్గర్నుంచి, కొత్తగా బిడ్డ పుట్టిన వాళ్లు బిల్లులు ఫోటో తీసి పంపి మరీ అడుగుతున్నారు. తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: డైపర్ల మీద పన్ను ఎత్తేశారు.

ఎత్తేయలేదండీ. 12 శాతం ఉన్నది 5 అయింది. పాలసీసాలకీ అంతే.

అపోహ: పిల్లల తిండి మీద ఇన్నాళ్లూ ఒకటే రేటు ఉండేది.

లేదు. మామూలు ప్యాకెట్ పాలకి మొదటి నుంచీ పన్ను లేదు. 0402 కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే జీఎస్టీ నంబరు) కింద వచ్చే పసిపిల్లల పాలపొడికి 2017 నుంచీ 5 శాతమే. ఆరో నెల దాటాక పెట్టే గోధుమ, బియ్యం సెరియల్ పొడులు మాత్రం 1901 కోడ్‌లో పడ్డాయి, వాటి మీద ఎనిమిదేళ్లు 18 శాతం కట్టాం! బిడ్డకి పెట్టే మొదటి ముద్ద మీద అంత పన్నా అని అప్పట్లో ఎంత బాధపడ్డానో. ఇప్పుడు అవి కూడా 5లోకి వచ్చాయి.

అపోహ: పన్ను సున్నా చేస్తే ధర ఆ మేరకు తగ్గిపోతుంది.

అందరూ పొరబడేది ఇక్కడే. డైపర్ తయారుచేసే కంపెనీ 50 రూపాయల ముడిసరుకు కొని దాని మీద 18 శాతం, అంటే 9 రూపాయలు పన్ను కట్టిందనుకోండి. పన్ను కలపక ముందు డైపర్ల ధర 100. రేటు 5 శాతం అయితే మన దగ్గర 5 వసూలు చేసి, తను కట్టిన 9లో అది సర్దుకుని, మిగతా 4 రిఫండ్ అడగొచ్చు, మనకి పడేది 105. అదే పన్ను మినహాయిస్తే ఆ 9 రూపాయల క్రెడిట్, అంటే ముడిసరుకు మీద కట్టిన పన్నుని ఇలా సర్దుకునే హక్కు, పోతుంది, కంపెనీ దాన్ని ధరలోనే కలుపుతుంది, మనకి 109 పడుతుంది. 2018 జులైలో శానిటరీ ప్యాడ్లని 12 నుంచి సున్నా చేసినప్పుడు కంపెనీలకి ఈ క్రెడిటే పోయింది. అందుకని సున్నా అడగొద్దు అనడం లేదు, అడగాల్సిందే, కానీ ఎగుమతులకి ఇస్తున్నట్టు క్రెడిట్ వెనక్కిచ్చే సున్నా అడగాలి. చంటిపిల్లల సరుకులకి అది ఇవ్వడం న్యాయమని నా గట్టి నమ్మకం.

అపోహ: అమెరికాలో తీసేశారు కదా, మనమూ అలాగే తీసేస్తే సరి.

డాలస్‌లో ఉన్న మనవాళ్లు చెప్పేది నిజమే, టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి డైపర్లు, బేబీ వైప్స్, పాలసీసాల మీద సేల్స్ టాక్స్ లేదు. కానీ అక్కడ ఆ పన్ను చివర్లో, కొనేవాడి దగ్గర ఒక్కసారే వేస్తారు. స్థానిక పన్నుతో కలిపి 8.25 శాతం వరకు ఉండేది, తీసేస్తే బిల్లులో అంతా తగ్గుతుంది. మన జీఎస్టీ అంచెలంచెలుగా పడేది, పోలిక కుదరదు.

అపోహ: ఎంఆర్‌పీ మీద జీఎస్టీ అదనం.

కాదు. ఎంఆర్‌పీలోనే అన్ని పన్నులూ ఉంటాయి. డైపర్ ప్యాకెట్‌కి ఎంఆర్‌పీ పైన ఇంకో 5 శాతం వేస్తే ఆ బిల్లు దాచిపెట్టుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు లేకుండా మాత్రం చేయకండి, నిరూపించడం కష్టం.