డబ్బా కొలత, కాంటా తూకం: బడి బియ్యం తగువు వెనుక

బడి వంటశాలలో మిగిలిన బియ్యానికీ రిజిస్టరులో రాసిన కిలోలకూ పొంతన కుదరలేదన్న మాట పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మళ్లీ వినిపిస్తోంది. ఇలాంటి తగువు వచ్చినప్పుడల్లా అనుమానం ముందుగా వంట చేసే మహిళల మీదికే పోతుంది, వాళ్ల చేతిలోని డబ్బా మీదికి ఎవరి చూపూ పోదు.

సోల, తవ్వ, మానిక, కుంచం గింజలను కొలిచే పాత పాత్రలు; 1956 చట్టంతో వాటి చోట కిలో, లీటరు లెక్కల మెట్రిక్ పద్ధతి వచ్చింది. ఆ చట్టం దుకాణంలోని తూకపురాళ్లను మార్చింది గాని సోలెడు బియ్యానికి రెండు సోలల ఎసరు పెట్టే చేతిని మార్చలేదు, మార్చాల్సిన పనీ లేదు. ఎసరుకు కొలత కావాలి, లెక్కకు తూకం కావాలి. మధ్యాహ్న భోజనంలో ఈ రెండూ ఒకే పొయ్యి దగ్గర ఎదురుపడ్డాయి.

నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకు చదివేవారికి 150 గ్రాముల బియ్యం వండాలి. 60 మంది చిన్నపిల్లలున్న బడిలో అది 6 కిలోలు. కానీ లీటరు డబ్బాను అంచుకు సమంగా గీస్తే అందులో పట్టేది సుమారు 800 నుంచి 850 గ్రాముల బియ్యమే. డబ్బాను కిలో అనుకుని ఆరు డబ్బాలు పోస్తే దాదాపు కిలో తగ్గుతుంది, అంటే తొమ్మిది పది మంది వాటా. రాతలో 6 కిలోలు ఖర్చు, బస్తాలో మాత్రం మిగులు. అదే డబ్బాను పైకి పొంగేలా గుప్పెడు వేసి ముంచే చేయి ఆ లోటును పూడుస్తుంది, ఒక్కోసారి దాటిపోతుంది కూడా. (మన ఇళ్లలో ఆ పైగుప్పెడు మర్యాద, రిజిస్టరులో తరుగు.)

అసలు మలుపు 2015 జనవరిలో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం బడులకూ హాస్టళ్లకూ దొడ్డు బియ్యం మాని సన్న బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. గింజ పొడవు, మందం, తేమ, నూక శాతం మారితే ఒకే డబ్బాలో పట్టే బరువు మారుతుంది. కొత్త బియ్యం, పాత బియ్యం ఒకేలా ఒదగవు కాబట్టి ఎసరూ మారుతుంది. గింజ మారింది గాని దొడ్డు బియ్యానికి అలవాటుపడిన డబ్బా, చేయి పాతవే మిగిలాయి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన రేషన్ సన్న బియ్యం పంపిణీతో ఈ తికమక ఇళ్లలోకీ వచ్చింది.

నూనెదీ ఇదే కథ. నిబంధన చిన్నపిల్లలకు తలకు 5 గ్రాములంటుంది, ప్యాకెట్టు లీటర్లలో వస్తుంది. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములే కాబట్టి, 60 మందికి కావలసిన 300 గ్రాములకు 330 మిల్లీలీటర్లు పోయాలి. వేడికి నూనె వ్యాకోచించి లీటరు బరువు ఇంకా తగ్గుతుంది గనుక, ఉష్ణోగ్రతతో ముడిపెట్టకుండా పరిమాణంతోపాటు బరువూ ముద్రించాలని కేంద్రం 2022లో కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది. కంపెనీలకే అంత చెప్పవలసి వచ్చినప్పుడు పొయ్యి ముందున్న మనిషికి చెప్పింది ఎంత?

తూచి వండాలని నిబంధన ఉండగా డబ్బా ఎందుకన్నది అధికారుల వాదన. అది కాదనలేనిదే. అయితే పది గంటలకు హాజరు తేలి, మధ్యాహ్నానికల్లా అన్నం దిగాల్సిన చోట డబ్బా పోదు. బియ్యం రకం మారినప్పుడల్లా అదే డబ్బాను అంచుకు గీసి, రెండు మూడు సార్లు కాంటా మీద పెట్టి, వచ్చిన గ్రాములను దాని మీదే రాసిపెట్టుకోవడం పావుగంట పని.