పన్నెండు బోరు, రెండు పొడవులు

పల్నాడులో అడవి పందుల గొడవ మళ్ళీ మొదలైంది. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మొక్కజొన్న వేసినవాళ్ళు రాత్రుళ్ళు మంచెల మీద ఎలా జాగారం చేస్తున్నారో, మిర్చి జోలికి పోకపోయినా పందులు చేనంతా ఎలా తవ్విపోస్తాయో ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, అదంతా వదిలేస్తున్నా. ఈసారి "లైసెన్సు తుపాకులున్నాయి కదా, అనుమతివ్వండి, మేమే చూసుకుంటాం" అనే పాత డిమాండుతో పాటు ఒక ఫొటో కూడా ఫోన్లలో తిరుగుతోంది. డబుల్ బ్యారెల్ తుపాకీ. కుడి గొట్టం మడత దగ్గరికి కాస్త ముందు అరటితొక్కలా విచ్చుకుపోయి ఉంది.

దాని కింద వాదన మామూలే. ముసలి తుపాకీ, అటక మీద పెట్టుకోక కాల్చడమేంటని కొందరు. తూటా కల్తీదని కొందరు. నాకు మాత్రం ఆ విరిగిన చోటు చూడగానే అడగాలనిపించిన ప్రశ్న వేరు. ఆ తుపాకీ చాంబర్ పొడవెంత, అందులో పెట్టిన తూటా పొడవెంత? తుపాకీ మంచిదే అయ్యుండొచ్చు, తూటా కూడా మంచిదే అయ్యుండొచ్చు. రెండు మంచివి కలిస్తే మంచే జరగాలని రూలేం లేదు, జాతకాలు కలవాలి.

పన్నెండు బోరు అంటే గొట్టం లావు, అంతే. ఒక పౌను సీసంతో సమానంగా 12 గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత లావన్నమాట, సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందుకే 20 బోరు అనేది 12 కన్నా సన్నం. నంబరు పెద్దదైతే తుపాకీ పెద్దదనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ లావు ఒకటే అయినా చాంబర్, అంటే తూటా కూర్చునే గది, అన్ని తుపాకుల్లో ఒకే పొడవు ఉండదు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి రెండున్నర అంగుళాలు, వాడుకలో 65 మిల్లీమీటర్లు అంటారు. తర్వాతి కాలం వాటికి 70. బయటి దేశాల్లో 76 కూడా మామూలే.

ఇప్పుడు అసలు మోసం ఎక్కడుందో చూడండి. పెట్టె మీద 70 అని రాస్తే అది కాల్చాక, మూతి మడత పూర్తిగా విచ్చుకున్నాక తూటా గొట్టానికి ఉండే పొడవు. కాల్చకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి తూటా పొట్టిగా ఉంటుంది, 65 చాంబర్‌లోకి నున్నగా దూరుతుంది, తుపాకీ టక్కుమని మూసుకుంటుంది. ఎవరికీ అనుమానం రాదు. ట్రిగ్గర్ నొక్కాక ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలదు, చాంబర్ అయిపోయి గొట్టం సన్నబడే చోటికి అంచులు చొచ్చుకొస్తాయి, గుళ్ళూ, వాటికీ మందుకీ మధ్య ఉండే వాడ్డు అనే బిరడా ఆ ఇరుకులోంచి తోసుకుపోవాలి. లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మామూలు 12 బోరు తూటాకి యూరప్ ప్రమాణాల్లో గరిష్ఠంగా ఒప్పుకునే ఒత్తిడే 740 బార్లు. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు బార్ల పైచిలుకు, పోల్చుకోండి. అదీ ఈ కాలపు ఉక్కు లెక్క. వందేళ్ళ నాటి పల్చటి గొట్టం అంతదాకా తట్టుకుంటుందని దాన్ని చేసినవాడు ఎవరికీ మాటివ్వలేదు.

ఈ గొడవ చరిత్ర రాసేవాళ్ళంతా 1972 దగ్గర మొదలుపెడతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, షికారు పోయింది, తుపాకులు గోడకెక్కాయి అని. నిజమే గానీ, నా లెక్కలో ఇవాళ్టి తగువుకి మూలం అది కాదు. 1980ల మధ్యలో మామూలు మనుషులు బయటి నుంచి తుపాకులు తెప్పించుకునే దారి మూసుకుపోయింది చూడండి, అక్కడ పడింది ముడి. అప్పటిదాకా పాత తుపాకీ అంటే పాత తుపాకీనే. ఆ తర్వాత అది ఆస్తి అయింది. లండన్, బర్మింగ్‌హామ్ ముద్రలున్న తుపాకీకి ధర పెరుగుతూనే పోయింది, తాత లైసెన్సు తండ్రికి, తండ్రిది కొడుక్కి వచ్చింది, దాన్ని మార్చి కొత్తది కొందామని ఎవరికీ అనిపించలేదు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలవీ, బీహార్‌లోని ముంగేర్‌లో చేసేవీ దొరుకుతాయి గానీ ఇంగ్లీషు తుపాకీ ఉన్నవాడికి అవి ఆనవు. అలా తుపాకీ ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. తూటా ఆగలేదు. అట్టగొట్టం పోయి ప్లాస్టిక్ వచ్చింది, ఇప్పుడు దుకాణంలో చేతికి ఎక్కువగా వచ్చేవి 70 మిల్లీమీటర్లవి.

దీనికి తోడు వేట కూడా మారింది. మా తాతల తరంలో బెజవాడ, గుంటూరుల్లో తుపాకీ ఉన్నవాళ్ళు పోయేది కొల్లేటికి, బాతుల కోసం. (కొల్లేరు అభయారణ్యం అయింది 1999లో, ఇప్పుడు అక్కడ ఆ ఊసెత్తితే జైలే.) బాతుకి 4 నంబరో 6 నంబరో చిన్న గుళ్ళు, తేలికపాటి మందు. పందికి అవి గీతలు పెట్టడానికి కూడా చాలవు. ఎల్‌జీ కావాలంటారు, ఎస్‌జీ కావాలంటారు, రెండూ లావు గుళ్ళ రకాలే, ఇంకా ముందుకెళ్ళి ఒకే పెద్ద గుండు వేస్తామంటారు. బాతుల కోసం మూతి దగ్గర సన్నబరిచి చేసిన గొట్టాల్లోంచి ఇది పోవాలి. 1870లు, 80ల్లో ఇంగ్లాండులో చేసిన అలాంటి కొన్ని గొట్టాల మీద 'నాట్ ఫర్ బాల్' అని అచ్చు కొట్టే ఇచ్చారు. గుండుకి పనికిరాదు అని ఇనుము మీద రాసిచ్చినా, అది గొట్టాల కింద బిగించే చెక్క చాటున దాక్కుంటుంది కాబట్టి మూడు తరాలుగా ఎవరూ చదవలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా మావయ్య దగ్గర వాళ్ళ నాన్నగారి డబుల్ బ్యారెల్ ఉంది. కొన్నేళ్ళ కిందట బెజవాడలో ఒక దుకాణంలో తూటాలు కొన్నాడు. లైసెన్సు చూశారు, 12 బోరు అని ఉంది, 12 బోరు ఇచ్చారు. టెస్ట్ చేద్దామని రెండు కాల్చాడు, భుజం మామూలు కన్నా గట్టిగా తన్నిందని అన్నాడే గానీ పట్టించుకోలేదు. ఖాళీ తూటాలు నేను ఏరి చూశాను, మూతి అంచులు ఎవరో కొరికినట్టు చీలికలు పీలికలుగా ఉన్నాయి. గుంటూరులో తుపాకులు బాగుచేసే పెద్దాయన ఒకరుంటే, అందరూ సాయిబు గారంటారు, ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన తుపాకీ చూడకముందే ఆ ఖాళీ తూటాలు వెలుగులో పట్టుకుని చూశాడు.

"ఇదెవరిచ్చారు బాబూ మీకు?" అన్నాడు.

ముందు చెక్క ఊడదీసి గొట్టాల అడుగు భాగం గుడ్డతో తుడిచి చూపించాడు. చిన్న చిన్న అచ్చులు, వాటి పక్కన '2½' అని. 1954 తర్వాత ఇంగ్లాండులో పరీక్షించినవాటికైతే పొడవు పక్కన టన్నుల లెక్కన ఒత్తిడి కూడా కొడతారు, రెండున్నర అంగుళాల వాటి మీద మామూలుగా 3 టన్నులు, అంటే చదరపు అంగుళానికి. మావాడిది అంతకన్నా పాతది, పొడవు ఒక్కటే ఉంది. "కొందరు గొట్టం లోపల గీకించి 70 చెయ్యమని తెస్తారు బాబూ, నేను చెయ్యను. చాంబర్ పొడుగవుద్ది, గోడ పల్చనవుద్ది, అంతేగా" అన్నాడు సాయిబు గారు. గొట్టం మీద నీళ్ళలో నూనె తేలినట్టు చారలు కనిపిస్తే, అది ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టమైతే, అసలు ఈ కాలపు పొగరాని మందు తూటాలే ముట్టుకోవద్దని ఇంకో మాట. వాటిలో చాలావాటిని పరీక్షించింది నల్లటి తుపాకిమందుతో మాత్రమే. (నల్లమందు అనబోయి ఆగాను, మన భాషలో అది ఇంకో కేసు.)

దుకాణం వాళ్ళ మాటా చెప్పాలి. పొడవు ఒక్కటే చూసి భయపెట్టకండి, బయట 67 మిల్లీమీటర్ల తూటా గొట్టాలతో 65 చాంబర్‌కి పనికొచ్చేలా తయారుచేసే తూటాలున్నాయి అంటారు. ఉన్నాయి. అయితే వాటి పెట్టె మీద ఆ మాట రాసి ఉంటుంది, ఒత్తిడి ఆ లెక్కకి తగ్గించి నింపుతారు. రాయని పెట్టెకి ఆ వాదన పనికిరాదు.

మరి చట్టం ఏం చూస్తుంది? 1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ చదివితే తమాషాగా ఉంటుంది. నిజంగా పంట కాపాడుకోవడానికైతే మూతి నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితేనే మిగతా నున్నటి గొట్టం తుపాకీ. ఆత్మరక్షణకో క్రీడకో అయితే 20 అంగుళాలకి తగ్గని గొట్టమున్న నున్నటి తుపాకీ. అంటే అంగుళాలు కొలవడం చట్టానికి తెలుసు, గొట్టం ఎంత పొడవుండాలో రాసింది. చాంబర్ పొడవు మాత్రం అడగలేదు. లైసెన్సు పుస్తకంలో ఉండేది డి.బి.బి.ఎల్. (వెనక నుంచి తూటా పెట్టే డబుల్ బ్యారెల్ అని), 12 బోరు, నంబరు. దుకాణంవాడికి కనిపించేదీ అదే. 2016 నిబంధనల్లో కొత్తగా లైసెన్సు అడిగేవాళ్ళు ఆయుధ భద్రత శిక్షణ తీసుకోవాలన్నారు, మంచిదే. 2019 సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకులు రెండయ్యాయి, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. మూడున్నవాళ్ళు ఒకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు నాకు తెలిసిన రెండిళ్ళలోనూ వదులుకున్నది కొత్తదే. తాతగారి తుపాకీ ఎలా ఇస్తాం అన్నారు. ఇంకోటి, 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలు చేశాక తుపాకులు ఒక కంపెనీకి, తూటాలు ఇంకో కంపెనీకి పోయాయి. ఇంతకుముందు ఒకే గూటివి.

నాటు తుపాకీ, అంటే మూతి నుంచి మందు కూరేదైతే చాంబరే లేదు కదా, ఈ బాధ లేదనుకుంటారేమో. దానిది ఇంకో బాధ. మందు దొరకడం లేదని తూటాలు విప్పి అందులోది పోసేవాళ్ళున్నారు. పొగరాని మందు అదే కొలతకి పాత మందు కన్నా ఎన్నో రెట్లు బలమైనది. చేతి కొలతతో పోసి కాల్చినవాళ్ళలో వేళ్ళు పోయినవాళ్ళని ఊళ్ళలో అడిగితే చూపిస్తారు.

ఎన్నికల ముచ్చట లేకుండా పల్నాడు తుపాకుల గురించి రాస్తే ఒప్పుకోరు. కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు, 2024లోనూ అంతే. నెలల తర్వాత తెచ్చుకున్న తుపాకీ గొట్టంలోకి వెలుతురు పెట్టి చూడకుండా తూటా పెట్టేవాళ్ళకి చెప్పేదొకటే, మన ఊళ్ళలో కందిరీగకి ఆ గొట్టం మంచి ఇల్లు. మూతి లోపల మట్టిగూడు కట్టేస్తుంది. గొట్టం ముందు భాగంలో ఉబ్బి పగిలితే ఇలాంటి అడ్డం ఏదో ఉండి ఉంటుంది, చాంబర్ దగ్గర పగిలితే ఒత్తిడి ఎక్కువైన అనుమానం. ఈ రెండిటి మధ్యలో, చాంబర్‌కి కొద్ది అంగుళాల ముందు పగిలితే సాయిబు గారు అడిగే ప్రశ్న ఇంట్లో 20 బోరు కూడా ఉందా అని. ఆ తూటా పొరపాటున 12లో పడితే కిందికి జారి గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది, వెనక చూస్తే ఖాళీ, పేలలేదేమిటని ఇంకో 12 పెట్టి నొక్కుతారు. అమెరికాలో 20 బోరు తూటాలకి పసుపు రంగు వెయ్యడం మొదలైంది ఇందుకే. చీకట్లో మంచె మీద పసుపేదో ఎరుపేదో.

అటవీశాఖ మాట ఒకటే, అనుమతి లేకుండా కాల్చొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం పంటకి నష్టం చేస్తున్న పందిని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చినవాళ్ళు గానీ రాతపూర్వకంగా అనుమతివ్వొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి పంది ఉన్నది రెండో షెడ్యూల్లో, ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించారు, లైసెన్సు ఉన్నవాళ్ళతోనే కాల్పిస్తున్నారు. మనవాళ్ళు చూపిస్తున్నదీ అదే. కరెంటు తీగలు పెట్టి పక్క చేను రైతు ప్రాణం తీసేకన్నా అది నయమని వాళ్ళంటే నేను కాదనలేను, రాత్రి కాపలా కాసేవాళ్ళు వాళ్ళే. అందుకే ఆ తుపాకులు ఏవి, వాటిలో ఏ తూటా పెడతారు అనేది అనుమతి కాగితం మీద ఒక గడిగా ఉండాలంటున్నా. ఈ వారం నేను చూసిన మూడు వినతిపత్రాల్లో పందుల లెక్క ఉంది, ఎకరాల లెక్క ఉంది, తూటా మాట లేదు.

మావయ్య పోయిన నెల రెన్యువల్‌కి వెళ్ళొచ్చాడు. తుపాకీ నంబరు పుస్తకంతో సరిచూశారట, సరిపోయిందన్నారట. సంచిలో ఉన్న తూటాల పెట్టె బయటికి తియ్యమని ఎవరూ అడగలేదట.