బొమ్మలేయడం రాకపోయినా ఫ్యాషన్ చదువే

నెల్లూరు ట్రంకు రోడ్డులో చదువుకునే పిల్లలు ఫ్యాషన్ మర్చండైజింగ్ చదువుతామంటే ఇంట్లో వాళ్లకు అది టైలరింగ్‌లా వినిపిస్తుంది. "నీకు బొమ్మలేయడమే రాదు కదమ్మా" అంటారు. ఏ రకం బట్ట, ఎన్ని, ఏ ధరకు, ఎప్పటికల్లా షాపులో ఉండాలో తేల్చే పనే మర్చండైజింగ్. ఇందులో బొమ్మల కంటే కూడికలే ఎక్కువ.

ఈ లెక్క మన తీరానికి పాతదే. 17వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్‌లో కొఠీ (వ్యాపార కేంద్రం) పెట్టింది నూలు బట్టల కోసం. అక్కడ వ్యాపారం సాగక కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి 1639లో మద్రాసు స్థలం కుదుర్చుకున్నాడు. మద్రాసులో బట్ట 20 శాతం చవక అన్నది అతను చూపిన కారణం. (ప్రియురాలి కోసం వెళ్లాడన్న పుకారూ ఉంది లెండి.)

తర్వాత ఈ పని నేతగాళ్లకు నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్లది, చీరాల హోల్‌సేల్ వ్యాపారులది. శ్రావణం పెళ్లిళ్లకు వెంకటగిరి చీరలు ఎన్ని నేయించాలి, మిగిలినవి వచ్చే ఆషాఢంలో ఎంత తగ్గించి వదిలించుకోవాలి అన్నది వాళ్లకు నోటిలెక్క. 2022 జిల్లాల విభజనలో చీరాల బాపట్లకు, వెంకటగిరి తిరుపతికి పోయాయి గానీ ఆ లెక్క ఎక్కడికీ పోలేదు.

దీన్ని జీతమొచ్చే ఉద్యోగంగా పెంచింది ఎగుమతులు. 1974 నుంచి మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద, 1995 నుంచి 2004 చివరిదాకా దాని స్థానంలో వచ్చిన ఒప్పందం కింద పాశ్చాత్య దేశాలు బట్టల దిగుమతికి కోటాలు, అంటే ఇంతకు మించి రాకూడదన్న పరిమితులు పెట్టాయి. కోటా దాటకుండా, గడువు తప్పకుండా ఆర్డరు నడిపే మనిషి గార్మెంట్ ఫ్యాక్టరీలకు కావాల్సి వచ్చాడు. కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ఢిల్లీలో 1986లో, హైదరాబాద్ క్యాంపస్ 1995లో మొదలయ్యాయి. ఆ తర్వాత మాల్స్ వచ్చి, అదే మనిషిని షోరూముకూ తెచ్చాయి.

వెంకటగిరిలో చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడ ప్రధానంగా నేత, అద్దకం నేర్పుతారు. అమ్మకం వైపు చదువుకు ఎక్కువగా హైదరాబాదో చెన్నైయో వెళ్లాల్సి వస్తుంది. నిఫ్ట్‌లో ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ పీజీకి ఏ డిగ్రీ అయినా చాలు, బొమ్మల పరీక్ష ఉండదు.

బీకాం పిల్లలైతే ఈ లెక్క వేసి చూసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా డ్రెస్సుకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే 2,500 డ్రెస్సు 2,625కు వస్తుంది, 2,600 డ్రెస్సు 3,068కి. షాపు పెంచింది వంద, కొనేవాళ్ల జేబుకు పడింది 443. ఆ డ్రెస్సుకు ఏ ధర రాయాలో చెప్పాల్సింది మర్చండైజరే.