ట్యూషన్ ఫీజు లేని కాలేజీకి డబ్బులెక్కణ్నుంచి వస్తాయి: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు పిల్లలకి ప్లస్ టూ అయ్యాక ఫారిన్ అప్లికేషన్లు నింపిపెట్టడం నా పని. ఈమధ్య అందరూ అమెరికాలోని బెరియా కాలేజీ గురించే అడుగుతున్నారు, కెంటకీ రాష్ట్రంలో ఉంది, 1892 నుంచి ట్యూషన్ ఫీజు వసూలు చెయ్యట్లేదు, దాంతో సగం తెలిసిన మాటలు కూడా బాగా తిరుగుతున్నాయి.

అపోహ: పిల్లల చేత పని చేయించి ఫీజు రాబట్టుకుంటారు.

రాయగడ నుంచి వచ్చిన ఒకాయన "మాస్టారూ, మన కొండచీపుళ్ళు కట్టినట్టు అక్కడ పిల్లల చేత చీపుళ్ళు కట్టిస్తారటండి, నిజమేనా" అన్నారు. నిజమే, చీపుళ్ళు కట్టే వర్క్‌షాప్ ఉంది, అదే కాదు లైబ్రరీ, ఆఫీసు, తోట ఏదో ఒకచోట ప్రతి స్టూడెంటూ వారానికి కనీసం 10 గంటలు పని చెయ్యాల్సిందే. కానీ దానికి జీతం ఇస్తారు, అది పుస్తకాలకీ చేతిఖర్చుకీ సరిపోతుందేమో గానీ చదువు ఖర్చు ఎక్కడ తీరుతుందండీ! ఆ ఖర్చులో ఎక్కువ భాగం మోసేది ఎండోమెంట్, అంటే దాతలిచ్చిన మూలనిధి. ఇప్పుడది 100 కోట్ల డాలర్లు దాటింది, దాని రాబడిలోంచి ఏటా కొంత తీసి వాడతారు. 1920లో కాలేజీ బోర్డు ఒక తీర్మానం చేసింది, వీలునామాల్లో ఫలానా పనికి అని రాయకుండా వచ్చిన సొమ్మంతా ఖర్చుపెట్టకుండా మూలనిధిలోనే కలపాలని. నన్నడిగితే కాలేజీని ఇన్నాళ్ళు నిలబెట్టింది చీపుళ్ళు కాదు, ఈ తీర్మానమే.

అపోహ: అంతా గవర్నమెంటే ఇస్తుంది.

అంతా కాదు. అమెరికా పేద పిల్లలకి గవర్నమెంటు చదువు సాయంగా ఇచ్చే పెల్ గ్రాంట్ కలుస్తుంది, ఏటా వచ్చే విరాళాలు కూడా. పైగా అదే గవర్నమెంటు 2017లో కాలేజీల పెద్ద మూలనిధుల రాబడి మీద 1.4 శాతం పన్ను వేశారు, అది బెరియాకీ తగిలేదే, ఫీజు కట్టే పిల్లలు 500 మందైనా ఉన్న కాలేజీలకే అని 2018లో సవరించబట్టి బయటపడింది. ఇక్కడ ఫీజు కట్టేవాళ్ళు ఉంటేగా!

అపోహ: మార్కులుంటే సీటొచ్చేస్తుంది.

రాదు. ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లల కోసం పెట్టిన కాలేజీ అది, ముఖ్యంగా అపలాచియా కొండ ప్రాంతం వాళ్ళకి, బయటి దేశాల వాళ్ళని చాలా కొద్దిమందినే తీసుకుంటారు.

ఇంకోటి, ట్యూషన్ లేదంటే అన్నీ ఉచితమని కాదమ్మా. హాస్టలు, తిండి లెక్క వేరే, కుటుంబం స్తోమతను బట్టి సాయం చేస్తారు. వీసా ఫీజు మాత్రం మీదే. సీటు బ్లాక్ చేస్తాం, లక్ష కట్టండి అని ఎవరైనా కాల్ చేస్తే ఫోన్ పెట్టెయ్యండి, అక్కడ అప్లికేషన్‌కే రూపాయి తీసుకోరు.