సమాచారానికి యజమాని లేడు, వాక్యానికి ఉన్నాడు

ఆన్‌లైన్ సమూహంలో ఎవరో ఒక వ్యాసాన్ని యథాతథంగా పెట్టడం, హక్కుదారు ఫిర్యాదుతో అది మాయమవడం, సమాచారం పంచుకోవడమూ తప్పేనా అని సభ్యులు వాపోవడం తరచూ జరిగేదే. ఈ వివాదానికి మూలం ఇంటర్నెట్ కంటే చాలా పాతది.

లండన్‌లోని స్టేషనర్స్ కంపెనీ అనే ప్రచురణకర్తల సంఘం గుప్పిట్లో ఉండిన ప్రచురణ హక్కును, అంటే కాపీరైటును, రచయితకు గుర్తించినది 1710లో బ్రిటన్‌లో అమలైన ఆన్ రాణి చట్టం. కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్లు రక్షణ లభించేది. అచ్చువేసి అమ్మేవారే దాని గురి. చదువరి జోలికి అది పోలేదు. కాపీరైటుపై దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని 1908లో బెర్లిన్‌లో సవరించాక, నమోదు వంటి లాంఛనాలేవీ లేకుండానే హక్కు సంక్రమించే పద్ధతి స్థిరపడింది. ఆ లెక్కన సమూహంలో ఒక సభ్యుడు సొంతంగా రాసిన నాలుగు పేరాలకూ, ఆయన కోరినా కోరకపోయినా, కాపీరైటు ఉంటుంది.

అయితే ఆ హక్కు రాసిన తీరుకే గాని, చెప్పిన విషయానికి కాదు. ఖాతాల నిర్వహణ పద్ధతిని వివరించిన పుస్తకానికి రక్షణ ఉన్నా, ఆ పద్ధతిని ఎవరైనా వాడుకోవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 1879 నాటి కేసులో తేల్చింది. టెలిఫోన్ డైరెక్టరీలోని పేర్లు, నంబర్లు ఎంత శ్రమపడి సేకరించినా వట్టి వాస్తవాలేనని 1991లో అదే కోర్టు చెప్పింది. సమూహాల్లోని తగాదాల్లో చాలా భాగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవేనని నా అభిప్రాయం.

కంప్యూటరులో మాత్రం పేజీని తెరిచి చదవాలన్నా దాని ప్రతి తయారు కావలసిందే కనుక, ఒకప్పుడు ముద్రాపకుల కోసం రాసిన నియమాలు మామూలు పాఠకుడి దాకా వచ్చాయి. సభ్యుడు పెట్టినదానికి సమూహానికి వేదికనిచ్చే సేవాసంస్థ ఎంతవరకు బాధ్యత వహించాలన్న ప్రశ్నకు అమెరికా 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టం ఒక రాజీమార్గం చూపింది: నోటీసు అందగానే తొలగించే సంస్థకు నష్టపరిహారపు బెడద ఉండదు. తొలగింపును సవాలు చేస్తూ సభ్యుడు ప్రతినోటీసు ఇవ్వవచ్చు గాని, అనుమతి అక్కరలేని న్యాయమైన వినియోగమా కాదా అన్న విచారణ లేకుండానే ముందు తొలగింపు జరిగిపోతుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

తన రచనను వాడుకునే అనుమతిని రచయితే ముందుగా ప్రకటించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 డిసెంబరులో వెలువడ్డాయి. సాఫ్ట్‌వేర్ కరదీపికల కోసం రూపొందిన పాత లైసెన్సు ప్రకారం ఒక్క పేజీ పంచుకున్నా లైసెన్సు పాఠమంతా జతచేయవలసి రావడంతో, వికీపీడియా కూడా 2009లో వీటికి మారింది.