గొంతుకు తేలిన లెక్క అన్నవాహికకు ఎలా అంటింది?

అన్నవాహిక క్యాన్సర్ బయాప్సీ రిపోర్టుల్లో అక్కడక్కడ కనిపించే ‘పీ16 పాజిటివ్’ అన్న చిన్న వాక్యం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మళ్లీ చర్చకు వచ్చింది. పీ16 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటే కణితిలో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిల్లోమా వైరస్) ఉన్నట్టని గొంతు క్యాన్సర్‌లో లెక్క. ఆ వైరస్ వల్ల వచ్చిన క్యాన్సరైతే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడట, నిజమేనా అని కుటుంబాలు అడుగుతున్నాయి. నిజమే అయితే మందుల తీవ్రత తగ్గించమని డాక్టరును బతిమాలవచ్చా అన్నది వెంటనే వచ్చే రెండో ప్రశ్న. ఆ వాక్యం లేని రిపోర్టు చేతికొచ్చిన వారు, అప్పు చేసైనా హెచ్‌పీవీ పరీక్ష చేయించాలా అని ఆరా తీస్తున్నారు. వైద్యుల్లోనూ రెండు మాటలు వినిపిస్తున్నాయి: వైరస్ ఉంటే మేలని కొందరు, అన్నవాహికలో ఆ లెక్క చెల్లదని కణితి ముక్కలను పరీక్షించే పాథాలజిస్టులు.

పొగాకు, జర్దా, గుట్కా, మద్యం ఈ జబ్బుకు దారితీస్తాయన్నది అందరికీ తెలిసిందే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ కారణమని తేల్చిన హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చిన సంగతీ కొత్తది కాదు. నేటి వివాదానికి వేరు మాత్రం 2010లో ఉంది.

ఆ ఏడాది అమెరికాలో ఒక పెద్ద క్లినికల్ ట్రయల్ ఫలితాలు వెలువడ్డాయి. టాన్సిల్స్, నాలుక మొదలు ఉండే గొంతు భాగంలో క్యాన్సర్ వచ్చిన రోగులను పరిశోధకులు రెండు వర్గాలుగా విడదీసి చూశారు. కణితిలో హెచ్‌పీవీ ఉన్నవారిలో మూడేళ్ల తర్వాత 82.4 శాతం మంది బతికి ఉన్నారు. వైరస్ లేనివారిలో ఆ సంఖ్య 57.1 శాతమే. రేడియేషన్, కీమో ఇద్దరికీ ఇచ్చారు, అయినా ఇంత తేడా. వైరస్‌ను నేరుగా వెతకనక్కర లేకుండా, స్లైడ్ మీద పీ16 అనే ప్రొటీన్‌కు రంగు అద్ది చూస్తే గొంతులో దాదాపు అదే సమాధానం వస్తుందని కూడా తేలింది. చవకైన, తేలికైన పరీక్ష కావడంతో ప్రపంచమంతటా పాకింది. క్యాన్సర్ దశలను నిర్ణయించే అమెరికా సంస్థ ఏజేసీసీ మార్గదర్శక గ్రంథం 2017 నాటి ఎనిమిదో కూర్పు, పీ16 పాజిటివ్ గొంతు క్యాన్సర్‌కు దశల పట్టికనే విడిగా రాసింది.

గొంతు నుంచి అన్నవాహికకు దూరం జానెడు. రెండింటి లోపలి పొరా ఒకే రకం కణాలది, వాటి నుంచి పుట్టే క్యాన్సర్‌ను రెండుచోట్లా స్క్వామస్ అనే పిలుస్తారు. మన దగ్గర అన్నవాహికలో ఎక్కువగా కనిపించేదీ ఆ రకమే. అక్కడ నిజమైనది ఇక్కడ ఎందుకు కాదన్న ఆలోచన సహజం. నా దృష్టిలో ఇప్పటి గందరగోళమంతా ఆ జానెడు దూరాన్ని రుజువు లేకుండా దాటేయడం వల్ల వచ్చిందే.

నిజానికి అన్నవాహికపై వైరస్ అనుమానం 2010 కంటే చాలా పాతది. 1982లోనే ఫిన్లాండ్ పరిశోధకుడు కారి సిర్యానెన్, అన్నవాహిక కణితుల చుట్టూ హెచ్‌పీవీ పులిపిర్లను పోలిన మార్పులు ఉన్నాయని గమనించాడు. ఆ తర్వాత చైనా, ఇరాన్, దక్షిణాఫ్రికా, ఐరోపా ప్రయోగశాలలు వెతుకులాటకు దిగాయి. కొన్నిచోట్ల ఒక్క కణితిలోనూ వైరస్ దొరకలేదు, మరికొన్నిచోట్ల సగానికి పైగా కణితుల్లో దొరికింది. బతికే కాలం సంగతీ అంతే. వైరస్ ఉన్నవారు ఎక్కువ కాలం బతికారని కొందరు, తక్కువ కాలమే బతికారని ఇంకొందరు, తేడాయే లేదని మరికొందరు రాశారు.

ఒకే జబ్బుకు ఇన్ని జవాబులు రావడానికి కారణం చాలావరకు పరీక్షలోనే ఉంది. వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష మహా సున్నితమైనది. నోటి నుంచి జారిన వైరస్ తునక ఉన్నా, ల్యాబ్‌లో పక్క నమూనా నుంచి అంటుకున్నా పట్టేస్తుంది. బావిలో కప్ప కనిపించినంత మాత్రాన నీటిని అదే ఊరించిందని అనలేం. కణితిలో వైరస్ ఉండటం వేరు, ఆ వైరస్ పనిచేస్తూ కణితిని నడిపించడం వేరు. రెండోది తేల్చాలంటే వైరస్ జన్యువులు ఈ6, ఈ7 అక్కడ చురుకుగా ఉన్నాయా అన్నది చూడాలి.

అది చూసిన పెద్ద పరిశోధన 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 164 అన్నవాహిక కణితుల జన్యు పటాలను విప్పి చూసింది. స్క్వామస్ కణితుల్లో హెచ్‌పీవీ కారణమనడానికి ఆధారం కనబడలేదని చెప్పింది. ఈ పరిశోధన మన ఆసుపత్రుల కారిడార్లలో 2010 నాటి గొంతు ఫలితమంత గట్టిగా వినిపించలేదు. వినిపించి ఉంటే నేటి తగాదా సగం పుట్టేదే కాదు.

పాథాలజిస్టుల వాదన ఇక్కడి నుంచే బలం పుంజుకుంటుంది. అది కాస్త వివరంగా చెప్పుకోదగ్గది. హెచ్‌పీవీ కణాన్ని చెడగొట్టే తీరు తెలిసినదే. దాని ఈ6 ప్రొటీన్, కణానికి కాపలా కాసే పీ53ని నాశనం చేస్తుంది. ఈ7 ప్రొటీన్ ఆర్‌బీ అనే మరో కాపలాదారును లొంగదీస్తుంది. ఆర్‌బీ పడిపోగానే పీ16 విపరీతంగా పెరుగుతుంది. గొంతులో పీ16 వైరస్‌కు ఆనవాలు కావడం వెనుక ఉన్న లంకె ఇదే. పైగా పీ53ని వైరసే మట్టుబెడుతున్నప్పుడు ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు వేరుగా చెడిపోవలసిన అవసరం ఉండదు. హెచ్‌పీవీ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్లలో ఆ జన్యువు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది.

అన్నవాహిక స్క్వామస్ కణితుల్లో కనిపించేది దీనికి తలకిందుల చిత్రం. పదింట తొమ్మిదింటిలో పీ53 జన్యువే దెబ్బతిని ఉంటుంది. పీ16ను తయారుచేసే జన్యువు కూడా చాలా కణితుల్లో తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. ఎక్కడో ఒక కణితిలో పీ16 ఎక్కువగా కనిపించినా, ఆర్‌బీ వేరే దారిలో చెడిపోయి ఉండవచ్చు. ఆ ఒక్క రంగును చూసి వైరస్ ఉందని రాయడం కుదరదు. వైరస్ ఉంది కాబట్టి ఎక్కువ కాలం బతుకుతారనడం అంతకంటే కుదరదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 నాటి తన గ్రంథంలో హెచ్‌పీవీ 16 వల్ల క్యాన్సర్ వస్తుందని నిర్ధారించిన అవయవాల్లో టాన్సిల్స్‌ను చేర్చింది. అన్నవాహికను చేర్చలేదు.

అవతలి పక్షానికీ ఒక ఆధారం ఉంది. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు 142 మంది రోగులను పరిశీలించి, వైరస్ ఉన్నవారు జబ్బు తిరగబెట్టకుండా సగటున 40.3 నెలలు, లేనివారు 24.1 నెలలు గడిపారని ప్రకటించారు. అది కొట్టిపారేయదగ్గ ఫలితం కాదు. అయితే ఆ రోగులది అడినోకార్సినోమా, దాని ముందు దశ. ఏళ్ల తరబడి ఆమ్లం పైకి ఎగదన్ని, అన్నవాహిక కింది భాగంలో పొర మారిపోయి వచ్చే జబ్బు అది. స్క్వామస్ రకం రోగి చేతిలో ఆ కాగితం పెట్టి ఆశ కల్పించడం న్యాయం కాదు.

పరీక్ష రుసుము పోతే పోయింది, నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది చికిత్స తగ్గించాలన్న ఆలోచన. వైరస్ ఉంటే మేలన్నది నిజంగా రుజువైన గొంతులోనే ఆ ప్రయత్నం బెడిసికొట్టింది. దుష్ప్రభావాలు తగ్గుతాయన్న ఆశతో రేడియేషన్‌తో పాటు ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్ బదులు సెటుక్సిమాబ్ అనే మరో మందు ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. సిస్‌ప్లాటిన్ తీసుకున్న హెచ్‌పీవీ రోగుల్లో ఐదేళ్లకు 84.6 శాతం మంది బతికి ఉండగా, సెటుక్సిమాబ్ తీసుకున్నవారిలో 77.9 శాతం మందే మిగిలారు. గొంతులోనే కలిసిరానిది, ఆధారమే లేని అన్నవాహికలో ఏ ధైర్యంతో చేస్తారు?

బయోమార్కర్లన్నీ, అంటే కణితిలో వెతికే ఇలాంటి గుర్తులన్నీ, వృథా అని ఇందుకు అర్థం కాదు. మనిషి ఎంతకాలం బతకవచ్చో సూచించే గుర్తు ఒకటి, ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తు మరొకటి. రోగికి నిజంగా పనికొచ్చేది రెండోది. కణితిపై ఉండే పీడీ-ఎల్1 ప్రొటీన్ అలాంటిది. కీమోకు, రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే పెంబ్రోలిజుమాబ్ మందును జోడించిన కీనోట్-590 ట్రయల్ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. పీడీ-ఎల్1 స్కోరు 10, అంతకు మించి ఉన్న స్క్వామస్ రోగుల్లో సగం మంది 13.9 నెలలు దాటి బతికారు, కీమో ఒక్కటే తీసుకున్నవారిలో అది 8.8 నెలలు. 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా మండలి, స్కోరు 1 కంటే తక్కువ ఉన్నవారికి ఈ తరహా మందులు ఇవ్వడాన్ని సమర్థించలేదు. లక్షల రూపాయల మందు ఎవరికి అవసరమో, ఎవరికి అక్కరలేదో చెప్పే పరీక్ష ఇది. ముదిరిన దశలో డబ్బు పెట్టగలిగితే ముందు దీనికి పెట్టాలి. అడినోకార్సినోమా అయితే మందు ఎంపికకు పనికొచ్చే హెర్2 అనే మరో ప్రొటీన్‌ను కూడా చూడాలి.

నల్లగొండలో ఏ జబ్బు వచ్చినా ఫ్లోరైడ్ నీళ్ల మీదికి తోసే అలవాటుంది. ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన ప్రాంతంలో అది తప్పు పట్టదగ్గ అనుమానం కాదు. అయితే తాగునీటి ఫ్లోరైడ్ క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చేందుకు ఆధారాలు చాలవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థే వర్గీకరించింది. ఫ్లోరైడ్ తర్వాత ఇప్పుడు వైరస్ వంతు వచ్చింది.

ఈ మధ్యలో మరుగున పడుతున్నది జబ్బు బయటపడే దశ. 2020 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి 63 వేలకు పైగా కొత్త కేసులు, 58 వేలకు పైగా మరణాలు. రెండు సంఖ్యలూ ఇంత దగ్గరగా ఉండటానికి ఆలస్యమే ప్రధాన కారణం. మొదట జొన్న రొట్టె దిగదు. నీళ్లు తాగి దింపుకుంటారు. తర్వాత అన్నం మెత్తగా వండమంటారు, ఆపైన జావ మీదికి వస్తారు. జావ కూడా నిలిచిపోయాక ఆసుపత్రికి బయల్దేరతారు. అప్పటికి గొట్టం చాలావరకు మూసుకుపోయి, మనిషి సగమై ఉంటాడు. ముంబైకో పుణెకో వలసపోయిన పాలమూరు కూలీకి పని మానుకుని ఎండోస్కోపీకి వెళ్లడం మరీ కష్టం.

పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అది 2007 ఏప్రిల్ 1న. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఎండోస్కోపీ మునుపటి కంటే దగ్గరైంది. రొట్టె దిగనప్పుడే గొట్టంలోకి చూస్తే, ఆపరేషన్‌కు ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చే పద్ధతికి అవకాశం ఉంటుంది. 2012లో అచ్చయిన క్రాస్ ట్రయల్‌లో నేరుగా ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మంది 24 నెలలు దాటితే, ఈ పద్ధతిలో 49.4 నెలలు దాటారు. స్క్వామస్ రకానికి మేలు ఇంకా ఎక్కువగా కనిపించింది. ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే ఆ రేడియేషన్ 23 విడతలు, దాదాపు ఐదు వారాలు. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే రోగికి హైదరాబాద్‌లో ఐదు వారాల బస, తోడుగా ఒక మనిషి, ఇద్దరికీ తిండి కావాలి. రిపోర్టులో పీ16 వాక్యం ఉన్నా లేకున్నా ఆ 23 విడతల్లో ఒక్కటీ తగ్గదు.